సత్రాధికారి రుసుము

రామన్నపేట నిజాము ప్రభుత్వమునాడు నల్లగొండ జిల్లాలో నొక తాలూకాకు ముఖ్యస్థానము. 2016 అక్టోబరు 11వ తేదీనుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో జేరినది. బీబీనగరమునుండి నడికుడికి బోవు రైలుమార్గ మీ యూరిమీదుగనే పోవుచున్నది. దారి సుగమమైనకొలది యూరిలోని పడుచువారు పట్టణమునకు దగ్గఱయైరి. ముసలివారు మాత్రము తమ బిడ్డలకు దూరమైరి.

గడచిన వేసవిలో నేనొక పనిమీద నచ్చటికి బోయి, కచ్చేరి యెదుట వేపచెట్టు నీడను గూర్చుండియుండగా, డెబ్బదియేండ్లు దాటిన యొక యవ్వ దస్తావేజులేఖకునిచే నేదో యర్జీ వ్రాయించుకొనుటకై వచ్చి నా ప్రక్కనే కూర్చుండెను. మాటలమీద, తన కొడుకు పట్టణములో వృద్ధాశ్రమ మొకదానిని విచారించుచున్నాడని చెప్పి, "బిడ్డా, నెలకు ఇంత అని కట్టుకుంటరట. సర్కారుకు గూడ వాళ్లేదో ఫీజు కడ్తరట. గా ఫీజు పైసలు ఎవరి బువ్వలకెల్లి పోతయి? గా నడిపెటాయన మీద పెద్దోడు ఎవడు?" అని నన్నడిగెను.

ఈ రెండు ప్రశ్నలును చదువుకొన్నవారు పెక్కుమంది యడుగవలసినవి, అడుగనివి. ఆశ్రమమునకు భూమి నెవరిచ్చిరి, కట్టడ మెంతవారు కట్టించిరి, ప్రారంభోత్సవమున కెవరు వచ్చిరి అని మనము విచారింతుము. నడుపువాని కేమి ముట్టుచున్నది, అతని యొద్దనుండి పైవారేమి పుచ్చుకొనుచున్నారు, పుచ్చుకొన్నదానికి బదులుగ నేమి చేయుచున్నారు అను సంగతి మనకు పట్టదు. అయితే యీ ప్రశ్నలు క్రొత్తవి కావు. మన దేశమున కనీస మేడువందల యేండ్లనుండి వీనికి సమాధానములు వ్రాయబడుచునే యున్నవి.

"మన పూర్వులు ముసలివారిని రోగులను ఇంటిలోనే పోషించుకొనిరి, ఇట్టి యాశ్రమములు పాశ్చాత్యుల యనుకరణములు" అని పలుకువారు మనలో గలరు. ఇది సగము సత్యము. ఇల్లున్నవారికి ఇల్లు దిక్కయ్యెను. సంతానములేని వితంతువునకు, త్రోవలో జబ్బుపడిన బాటసారికి, కఱవునకు భూమి విడిచివచ్చిన సంసారమునకు, బంధువులు కాదన్న కుష్ఠరోగికి ఏ యిల్లు దిక్కయ్యెను? సత్రము, మఠము, ధర్మశాల, తకియా మొదలగునవి యిట్టివారికొఱకే పుట్టినవి. కుటుంబము కరుణామయమై యందఱను కాపాడియున్నచో, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతువుల కాశ్రయము గల్పింపవలసిన యవసరమే కలుగకుండును. ఆయన చేసిన పనులలో మనవా రంతగా తలంపనిది యొకటి గలదు. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తన యాస్తిని వారసులకు గాక యా సమాజమునకు ధారపోసెను. అనగా ధర్మమును నడుపువాడు పుట్టుకచేత రాగూడదు, నలుగురికి లెక్కచెప్పువాడై యుండవలెనని యాయన గ్రహించెను.

ఈ గ్రహింపు మనకు పాశ్చాత్యవిద్యతో వచ్చినదని యనుకొనువారు ఒకమాఱు మల్కాపురశాసనమును చూడవలెను. అది గుంటూరుజిల్లాలో, కృష్ణకు దక్షిణమున, తుళ్లూరి ప్రాంతపు మల్కాపురములో నొక ఱాతిస్తంభముపై చెక్కబడినది. శకవర్షము 1183, దుర్మతి సంవత్సరము. అనగా క్రీస్తుశకము 1261. నల్లగొండసీమవారి కిది పరాయిదేశపు ముచ్చట కాదు. ఓరుగంటి కాకతీయుల ఛత్రచ్ఛాయలో నీ మెట్టసీమయు నా కృష్ణాతీరమును నొక్కటిగ నుండెను. సూర్యాపేటకు సమీపముననున్న పిల్లలమఱ్ఱిలో రేచెర్ల నాయకులు గుడులు కట్టించి శాసనములు వేయించినది యా కాలముననే. ఈ శాసనమును ప్రకటించి మనకందిచ్చినవారు జయంతి రామయ్యపంతులుగారు. గ్రాంథికభాషకై పోరాడిన పండితునిగనే యాయనను దలచువారు, ధర్మసంస్థల చరిత్రకు కూడ నాయన చేసిన యీ యుపకారమును మఱువరాదు.

గణపతిదేవచక్రవర్తికి గురువు విశ్వేశ్వర శివాచార్యుడు. తండ్రి యతనికి సంకల్పించిన మందర గ్రామమును, దానితోబాటు వెలగపూడిని, కూతురు రుద్రమదేవి ధారపోసెను. మందరయే నేటి మందడము. శివాచార్యుడా గ్రామములను తన యాస్తిగ నుంచుకొనక, అచ్చట దేవాలయమును, శుద్ధశైవమఠమును, విద్యాశాలను, అన్నసత్రమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను నెలకొల్పెను. ఆదాయమునంతయు నొకే కుప్పగ విడువక, ప్రసూతిశాల కింత, ఆరోగ్యశాల కింత, సత్రమున కింత అని భాగము లేర్పఱచెను. వేదములు చెప్పుటకు ముగ్గురు, తర్కసాహిత్యాగమాదులు చెప్పుటకు అయిదుగురు, వైద్యు డొకడు, లెక్కలు వ్రాయు కాయస్థు డొకడు అని ఉద్యోగుల సంఖ్యను కూడ నిర్ణయించెను. సత్రమున అన్నమునకు వచ్చువారిలో బ్రాహ్మణుడు మొదలుకొని చండాలునివఱకు నెవ్వరికిని అడ్డు ఉండరాదని చెక్కించెను. ఎనిమిదివందల యేండ్లకు చేరువగుచున్న యీ వాక్యమును మన పట్టణములలోని కొన్ని భోజనశాలల ద్వారములమీద నేడైనను చెక్కింపవచ్చును.

ఇవన్నియు దాతృత్వపు సంగతులు. నా ప్రకృతవిషయమునకు కావలసినవి మఱి రెండు నిబంధనలు. మొదటిది: ఈ సంస్థలకన్నిటికి నధికారియగు ఆచార్యునకు సాలునకు నూఱు నిష్కములు వేతనము. రెండవది: ఆచార్యుడు తన విధిని నెఱవేర్పక దుర్వర్తనుడైనచో, శైవసమూహము కూడుకొని యతనిని తొలగించి మఱియొకనిని నియమింపవలెను.

పాఠకు లీ రెండు నిబంధనలను కలిపి చదువవలెను. వేతన మేర్పడినది కాబట్టి, నడుపువాడు రోగి పథ్యములోనుండి తన భాగమును తానే పుచ్చుకొనవలసిన పనిలేదు. అతనికి రావలసినది పదిమందికి దెలిసిన సంఖ్య. సంఖ్య దెలిసినచో నంతకుమించి తీసికొన్నది దొంగతనమని యెవ్వరైనను చెప్పగలరు. లెక్కవ్రాయువాడు వేఱు, ఖర్చుపెట్టువాడు వేఱు. ఈ యేర్పాటు నేటి ఆడిటరులకు సంతోషము గలిగింపవలెను. ఇక తొలగించు నధికారము రాజధానిలో నెక్కడనో గాక, సంస్థతో సంబంధముగల సమూహముచేతిలోనే యుంచబడినది.

ఇందు లోపములు లేకపోలేదు. తొలగింపగల సమూహమున శైవులు మాత్రమే గలరు. సత్రమున నన్నముతిను చండాలునకు అన్నము దొరకెను గాని మాట దొరకలేదు. ప్రసూతిశాలలో నున్న స్త్రీ తన కన్నము చాలలేదని యెవరితో చెప్పుకొనవలెనో శాసనము చెప్పదు. దానమిచ్చినది స్త్రీయే యైనను, పర్యవేక్షణాధికార మందిన స్త్రీ యొక్కతెయు కనబడదు. పూర్వము నంతను బంగారుకాలమని చెప్పుట నా యుద్దేశము కాదు. కాని ఒక్క సంగతి: దాత తన తరువాత నడుపువాడు చెడిపోవచ్చునని ముందుగనే తలంచి, ఆ తలంపును ఱాతిమీద వ్రాయించెను. అట్టి యనుమానము ధర్మమునకు భూషణము.

కాకతీయుల పతనానంతర మీ వ్యవస్థ క్రమముగ నింకొకరూపము దాల్చెను. నూఱు నిష్కములవంటి వేతనము పోయి, నడుపువానికే భూమి యీనాముగ సంక్రమించుట సామాన్యమయ్యెను. భూమితోబాటు అధికారమును తండ్రినుండి కొడుకునకు రాసాగెను. సేవకై భూమియా, భూమికై సేవయా అని చెప్పుట కష్టమయ్యెను. మూడుతరములు గడచునప్పటికి సత్రము గోడ కూలును, సత్రాధికారి మిద్దె లేచును. తెలంగాణములో పల్లెపల్లెకు నిట్టి కథ యొకటి వినవచ్చును. పేర్లు చెప్పుట నాకు పనిలేదు.

నిజాము రాష్ట్రమున ధర్మసంస్థలను విచారించుటకు ఉమూరె మజహబీ యను శాఖ యుండెను. గుడియైనను మసీదైనను సత్రమైనను, దానిని నడుపువానిని ముతవల్లీ యని కాగితములలో వ్రాసెడివారు. ఫసలీ 1349లో, అనగా 1940 ప్రాంతమున, హైదరాబాదు ధర్మాదాయముల నిబంధనలు వెలువడెను. ప్రతి సంస్థయు కితాబుల్ ఔకాఫ్ అను పుస్తకమున నమోదు కావలెను. ఆస్తి యెంత, నడుపువాడెవడు అని వ్రాయబడవలెను. ఈ పుస్తకమును చిన్నచూపు చూడరాదు. నమోదు లేనిచోట సత్రపుభూమికి, సత్రాధికారి సొంతభూమికి నడుమ గట్టు లేదు. ఆ గట్టును గీయునది యీ పుస్తకమే. రాష్ట్రము హైదరాబాదునుండి భారతదేశములో కలిసినపిమ్మట 1955లో ఈనాముల రద్దుచట్టము వచ్చినప్పుడు, ధార్మికసంస్థలకు చెందిన యీనాములకు మినహాయింపు నీయబడెను. అప్పుడు పాత నమోదులే సాక్ష్యములయ్యెను.

కోస్తాజిల్లాలలో కథ వేఱు. చెన్నపట్టణపు కుంఫిణీ ప్రభుత్వము 1817వ సంవత్సరపు 7వ రెగ్యులేషనుచేత గుడుల, సత్రముల, వంతెనల ధర్మాదాయములను రెవెన్యూబోర్డు విచారణక్రిందికి తెచ్చెను. క్రైస్తవప్రభుత్వము హిందువుల గుడులను నడుపుట యేమని సీమలో గోల పుట్టగా, 1863లో చట్టముచేసి దేవాలయములను స్థానికసంఘములకు వదలివేసిరి. సత్రములు పెక్కు తరువాత స్థానికబోర్డుల చేతికి వచ్చెను. ఇందులో మన విషయమునకు వచ్చునది తస్దీకు. ప్రభుత్వమువారు కొన్ని సంస్థల భూములను తాము తీసికొని, వానికి బదులు ఏటేట నింత రొక్కమని నిర్ణయించి యిచ్చుచుండిరి. ఆ రొక్కమునకే తస్దీకని పేరు. భూమి విలువ పెరిగెను, ధాన్యపుధర పెరిగెను; తస్దీకు పెరుగలేదు. ఒకనాడు దినమునకు పదిమందికి అన్నము పెట్టిన రొక్కము, కొన్నిదశాబ్దములకు దీపపు నూనెకు చాలకపోయెను. ఎవ్వరును దొంగిలింపలేదు. సంఖ్యను మార్చవలెనని యెవ్వరికిని తోచకపోవుటచేతనే ధర్మము లోపించెను. రుసుములను, వేతనములను కాలానుగుణముగ సవరింపవలెననుటకు నింతకుమించిన దృష్టాంతము నాకు దొరకలేదు.

ఇక అవ్వ మొదటి ప్రశ్న: పైవారు పుచ్చుకొను రుసుము సంగతి. 1927 నాటి మదరాసు రాజధాని చట్టమున, హిందూధర్మాదాయముల బోర్డు ఖర్చులకై సంస్థలే తమ యాదాయమునుండి చందా చెల్లింపవలెనని యేర్పఱచిరి. 1951లో క్రొత్త చట్టము చేసి, ఆ చందా యాదాయమున నూటికి అయిదువఱకు నుండవచ్చుననిరి. 1953 అక్టోబరు 1వ తేదీన నేర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు నీ చట్టమే వారసత్వముగ వచ్చెను. ఉడిపిలోని శిరూరుమఠాధిపతి దీనిని ప్రశ్నించి న్యాయస్థానమునకు పోయెను. 1954లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి బి.కె. ముఖర్జీగారు.

ఆ తీర్పులోని ముఖ్యాంశమును మన యిండ్ల భాషలో చెప్పెదను. వాన కాలమున మూసీ నిండి పాఱునప్పుడు పుట్టివాడు మనలను దాటించి డబ్బు పుచ్చుకొనును. అది రుసుము. దాటించినందుకు పుచ్చుకొనెను; దాటింపకున్న నీయనక్కఱలేదు. పూర్వము పటేలు పట్వారీలు వచ్చి శిస్తు వసూలుచేసెడివారు. అది పన్ను. దానికి బదులు నాకేమి చేసితివని రైతు అడుగుటకు వీలులేదు. సుప్రీముకోర్టువారు చెప్పినదేమన, మఠములయొద్ద వసూలుచేసిన చందా ప్రభుత్వపు సర్వసామాన్య ఖజానాలో కలిసిపోవుచున్నది. సంస్థలకై చేయు సేవకు ఆ ధనమునకు ముడి లేదు. కాబట్టి పేరు రుసుమైనను గుణము పన్ను. అట్టి పన్ను విధించు నధికారము రాష్ట్రమునకు లేదు. అదే సంవత్సరమున ఒడిశాలోని యిట్టి చందానుగూర్చియే వ్యాజ్యము వచ్చినప్పుడు, అచ్చట వసూలైన ధనము ప్రత్యేకనిధిగ నుంచబడి ఆ సంస్థల విచారణకే ఖర్చగుచున్నది గనుక నది నిజమైన రుసుమేయని కోర్టువారు నిలిపిరి.

ఒకే సంవత్సరము, ఒకే న్యాయస్థానము, ఒకేవిధమగు చందా. ఒకటి కూలెను, ఒకటి నిలిచెను. భేదము ధనము పుచ్చుకొనుటలో లేదు, అది యెచ్చటికి పోయెననుటలో నున్నది. అవ్వ వేపచెట్టుక్రింద నడిగినది కూడ నదియే. ఆమెకు చదువు రాదు. ముఖర్జీగారి తీర్పు విన్నదికాదు.

ఈ నియమము తరువాత కొంత సడలెను. మన రాష్ట్రపు వ్యవసాయమార్కెట్లలో నూఱురూపాయల సరకునకు ఏబదిపైసలుగ నుండిన రుసుమును రూపాయగ పెంచినప్పుడు వర్తకులు కోర్టుకెక్కిరి. 1983లో సుప్రీముకోర్టు, పుచ్చుకొన్న ప్రతిపైసకు సరిగ్గ నంతే సేవ చూపనక్కఱలేదు, మొత్తముమీద సంబంధముండిన చాలునని చెప్పి పెంపును నిలిపెను. నల్లగొండ, మిర్యాలగూడ రైతుల కీ రూపాయ సంగతి బాగుగ దెలియును. నా యభిప్రాయమున నీ సడలింపు మార్కెట్టునకు తగును. అచ్చట అమ్మువాడు కొనువాడు ఇద్దఱును కాళ్లుచేతు లాడువారు. నచ్చకున్న వేఱొక మార్కెట్టునకు బోగలరు. మంచముపట్టిన ముసలి యెచ్చటికి పోవును? వృద్ధాశ్రమములయెడ 1954 నాటి కఠినమైన కొలతయే యుండవలెనని నేననుకొనుచున్నాను.

వక్ఫుసంస్థలలో నీ చందా హెచ్చుతగ్గులు చూడదగినవి. 1995 చట్టము ప్రకారము, సాలునకు అయిదువేల రూపాయలకు తక్కువకాని నికరాదాయముగల వక్ఫును నడుపు ముతవల్లీ, అందులో నూటికి ఏడుకు మించకుండ బోర్డునకు చెల్లింపవలసియుండెను. 2025 సవరణచే నీ యేడు అయిదయ్యెను. తగ్గింపు విని ముతవల్లీలు సంతోషింతురు. వానితోబాటు విచారణకు వచ్చు ఉద్యోగుల సంఖ్యయు తగ్గునా, తగ్గినచో నెవరికి నష్టమని యడిగినవారు కొద్దిమంది. రుసుము పెంచినప్పుడు అధికారులను, తగ్గించినప్పుడు నడుపువారిని మెచ్చుకొనుట మన యలవాటు; రెండుమాఱులును లోపలనున్నవారిని మఱచెదము.

వృద్ధాశ్రమముల చట్టము చరిత్రలో నొక విచిత్రము గలదు. 1956లో స్త్రీల, బాలుర సంస్థలకు లైసెన్సు విధించు చట్టమును, 1960లో అనాథాశ్రమాది ధర్మగృహముల పర్యవేక్షణచట్టమును పార్లమెంటువారు చేసిరి. వితంతుగృహములు రెండవదాని పరిధిలోనికి వచ్చెను. వీరేశలింగముగారు బ్రతికియుండిన సంతోషించియుందురు. కాని ఈ రెండు చట్టములును స్త్రీలకు, బాలురకు మాత్రమే. ముసలివాడు, పురుషుడైనచో, ఈ చట్టములకు కనబడడు. వార్ధక్యము ప్రత్యేకముగ రక్షింపవలసిన యవస్థయని మన శాసనకర్తలకు తోచుటకు 2007 వఱకు పట్టెను. ఆ యేడు వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణచట్టములో 19వ ప్రకరణము, జిల్లాకొకటి తక్కువగాకుండ, నూటయేబదిమంది నిరుపేదవృద్ధులు పట్టునట్టి గృహములను రాష్ట్రప్రభుత్వము కట్టింపవచ్చునని చెప్పుచున్నది. "కట్టింపవలెను" అనలేదు, "వచ్చును" అనిరి. ఈ యొక్క క్రియాపదమువలన నెన్ని జిల్లాలు తప్పించుకొనెనో!

ఆ చట్టమున వృద్ధగృహమును నడుపువానికి ఏ యోగ్యత యుండవలెనో పార్లమెంటువారు స్పష్టముగ చెప్పలేదు. 2019 డిసెంబరులో లోకసభలో ప్రవేశపెట్టిన సవరణబిల్లు, వృద్ధసంరక్షణగృహములు, ఇంటికి వచ్చి సేవచేయు సంస్థలు నమోదు కావలెనని తలపెట్టెను. అది స్థాయీసంఘమునకు పోయెను, తిరిగివచ్చెను. 2024లో ఆ లోకసభతోబాటు గతించెను. ఈ నడుమనే, 2020 జనవరిలో, హైదరాబాదు చేరువ నాగారములో, తగిన యనుమతి లేక నడుచుచుండిన యొక గృహమునుండి డెబ్బదిమందికి పైబడిన వృద్ధులను, మనోరోగులను పోలీసులు విడిపింపవలసివచ్చెను. కొందఱు గొలుసులతో బంధింపబడియుండిరని పత్రికలలో చదివితిమి. వారి బంధువులు నెలనెల డబ్బు కట్టుచునే యుండిరి.

ఈ విషయమున నమెరికావారు మనకన్న ముందు నొక మెట్టెక్కిరి. అదియు వారు సుఖముగ నెక్కినది కాదు. వృద్ధసంరక్షణగృహములలో జరిగిన యక్రమములకు గోల పుట్టిన తరువాత, 1967లో సాంఘికభద్రతాచట్టమును సవరించి, వైద్యసహాయద్రవ్యము గోరు ప్రతిరాష్ట్రమును 1970 జూలైనాటికి అట్టి గృహముల అధికారులకు లైసెన్సు ఏర్పాటు చేయవలెనని విధించిరి. గమనింపుడు: లైసెన్సు కట్టడమునకు కాదు, మనిషికి. గృహమునకు వేఱుగ నున్నది, నడుపువానికి వేఱుగ నున్నది. అతడు పరీక్ష నీయవలెను, గడువుగడువునకు రుసుము కట్టి లైసెన్సును క్రొత్తచేసికొనవలెను, ఆ నడుమ మరల కొంత చదువవలెను. రుసుముల పట్టీని బోర్డులవారు అప్పుడప్పుడు సవరించుచుందురు. ఆలస్యమునకు నొక రుసుము, చెల్లని చెక్కునకు నొక రుసుము అని చిల్లరపద్దులు కూడ కొన్నిచోట్ల గలవు. మొదటిమాఱు వినువారికి నవ్వు వచ్చును. కాని బోర్డు బ్రతుకు నా రుసుములమీదనే యున్నచోట, చెక్కు చెల్లకపోయిన ఖర్చును సరిగ కట్టినవానిమీద వేయుట న్యాయము కాదు గదా.

మనిషికి లైసెన్సు అనునది మల్కాపురపు ఱాతికి దగ్గఱగ నున్నది. శివాచార్యుడు కట్టడముమీద గాక ఆచార్యునిమీద నిబంధన విధించెను. గోడ దుర్వర్తన చేయదు.

రుసుమును నిర్ణయించుట యెట్లు? చిన్న లెక్క చూతము. ప్రతి గృహమునకు సాలునకు ఇరువదివేల రూపాయలని యొకే రుసుము పెట్టిరనుకొనుడు. రెండువందలమంది యుండు పట్టణపు గృహములో తలకు నూఱు రూపాయలు పడును. రామన్నపేటవంటి యూరిలో, ఎవరో యుపాధ్యాయుడు విశ్రాంతి తీసికొని తన యింటనే ఇరువదిమందిని పోషించుచున్నాడనుకొందము. అచ్చట తలకు వేయి రూపాయలు. ధనికుల గృహములోనివారికి నూఱు, బీదల గృహములోనివారికి వేయి! ఈ రుసుము కట్టలేక యా యుపాధ్యాయుడు నమోదు మానుకొనును. నమోదు మానుకొన్నవాని యింటికి విచారణకు వచ్చువారుండరు. అప్పుడు మంచివాని యిల్లును, నాగారపు ఇల్లును చట్టమునకు నొక్కతీరుగనే కనబడును, అనగా రెండును కనబడవు. కావున రుసుము తలలెక్కమీద నుండవలెను. ఉచితముగ పోషింపబడువారి తలలను లెక్కింపరాదు. సంఖ్యను చట్టములో చెక్కక నియమావళిలో వ్రాసి, మూడేండ్లకొకమాఱు ధరలను జూచి సవరింపవలెను. లేనిచో తస్దీకు గతి పట్టును. వసూలైనది జిల్లాలో ప్రత్యేకనిధిగ నుండి, విచారణకు వచ్చువారి ప్రయాణమునకు, వైద్యపరీక్షకు, ఫిర్యాదు విను ఉద్యోగి జీతమునకు మాత్రమే ఖర్చుకావలెను. ఆ నిధి లెక్క ప్రతిగృహపు గోడమీద తెలుగులో అంటింపబడవలెను. ఇక తొలగించు నధికారముగల సంఘమున, శివాచార్యుడు మఱచినవారిని చేర్చవలెను: ఆ గృహములో నున్న వృద్ధులనుండి యిద్దఱు, అందొకరు స్త్రీ.

"ముసలివారికి లెక్క లేమి తెలియును?" అని యొక మిత్రుడు నాతో ననెను. ఆయన తల్లి యేబదియేండ్లు సంసారమునకు బియ్యము కొలిచినది.

ఇవన్నియు నేను అవ్వకు వేపచెట్టుక్రింద చెప్పితినని పాఠకు లనుకొనరాదు. ఆమెకు నేను చెప్పినది రాణి రుద్రమదేవి కాలపు నూఱు నిష్కముల సంగతి, ఆచార్యుని తొలగించు నిబంధన సంగతి. శ్రద్ధగ వినెను. "రాయి మీద రాసిండ్రా?" అని రెండుమాఱు లడిగెను. తరువాత తన కొడుకు చూచివచ్చిన యాశ్రమపు పేరు చెప్పి, దానికి నమోదు గలదా, నడుపువాడెవడు, నెలకు పుచ్చుకొను సొమ్ములో తిండికెంత, అని మూడు ప్రశ్నలతో జిల్లాలోని వయోవృద్ధుల శాఖవారికి అర్జీ వ్రాయింపుమని లేఖకునితో చెప్పెను. అతడు వ్రాసి, చదివి వినిపించి, తన రుసుము ఏబది రూపాయ లడిగెను. ఆమె కొంగుముడి విప్పి నోటు తీసి, చేతిలోనే పట్టుకొని, "రసీదు ఇస్తవా?" అనెను. లేఖకుడు నావైపు చూచి నవ్వి, కాగితపుముక్కమీద రసీదు వ్రాసి యిచ్చెను.